ఆశాభంగం, పశ్చాత్తాపం, ఆయువు కొద్దితనం: కవిత్వం వీటిని ఎలా చెబుతుంది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటే ఇక్కడే తెలుస్తుంది. తండ్రిగారు పోయిన తర్వాత మీరు పదహారు పాదాల కవిత రాశారు. చదివినవారు మీ బాధ తెలుస్తోందన్నారు కాని కవిత తమను తాకిందని ఒక్కరూ అనలేదు. బతుకు క్షణికమనీ, చేయవలసినవి చేయలేకపోయామనీ పాత కవులు కూడా మీలాగే చెప్పారు కదా, వారి మాటలు ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా ఎందుకు తగులుతున్నాయని మీరు అడుగుతున్నారు. మీరు పంపిన పాదాల్లో "కాలం కరిగిపోయింది, కన్నీరు మిగిలిపోయింది, బతుకు నీటి బుడగ అయింది" అనేవి ఉన్నాయి. పదకొండో పాదంగా "నువ్వు కొన్న గొడుగు ఇంకా తలుపు వెనకే ఉంది" అని కూడా ఉంది. ఆ పాదం దగ్గరికి చివర వస్తాను.

ముప్పయ్యేళ్లకు పైగా పద్యం పాఠం చెప్పినవాడిగా నాకు కుదిరిన అభిప్రాయం ఇది. ఈ మూడు భావాలనూ కవిత్వం వాటి పేర్లతో చెప్పదు, క్రియాపదంతో చెబుతుంది. వాక్యంలో కర్త ఎవరు, కాలం ఏది, అది ప్రశ్నా జవాబా, ఎవరిని ఉద్దేశించి అన్నది అనే నాలుగు సంగతులు చూస్తే చాలు, ఏ పద్యం ఎందుకు తగులుతుందో చాలావరకు తెలిసిపోతుంది. ఉపమానాల సంగతి ఆ తర్వాత. నీటి బుడగ, ఎండమావి, తామరాకు మీది నీటిబొట్టు అందరివీ అయిపోయాయి. వాటిని ఎవరు వాడినా కొత్తగా నష్టపోయేదేమీ లేదు, కొత్తగా వచ్చేదీ లేదు.

మొదట మాటల సంగతి కొంచెం తేల్చుకుందాం. ఈనాడు మనం విషాదం అంటే దుఃఖమనే అర్థంలో వాడేస్తున్నాం. భరతుని నాట్యశాస్త్రం ముప్పైమూడు వ్యభిచారి భావాలను, అంటే రసానికి తోడుగా వచ్చిపోయే భావాలను, లెక్కపెట్టి, వాటిలో విషాదానికి కారణంగా చెప్పినది తలపెట్టిన పని నెరవేరకపోవడం, దైవవశాన ఆపద కలగడం. అంటే శాస్త్రంలోని విషాదం మీరు అడిగిన ఆశాభంగానికి చాలా దగ్గరది. దాని లక్షణాలలో నిట్టూర్పుతో పాటు సహాయం కోసం వెతకడం, ఉపాయం ఆలోచించడం కూడా ఉన్నాయి. ఇది నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే విషయం: ఆశాభంగం పొందిన మనిషి కూర్చుని ఏడవడు, ఇప్పుడేం చేయాలని లెక్కలు వేస్తుంటాడు. నిర్వేదం వేరు, అది దారిద్ర్యం వల్లా అవమానం వల్లా తత్త్వజ్ఞానం వల్లా అన్నిటిమీదా మనసు విరగడం. పశ్చాత్తాపానికి ఆ పట్టికలో విడిగా చోటు లేదు; స్మృతి, చింత, దైన్యం కలిసిన చోట దాన్ని వెతుక్కోవాలి.

ఇప్పుడు ఒక పద్యాన్ని దగ్గరగా చూద్దాం. శ్రీనాథుడి చాటువుగా, అంటే నోటినోటా వచ్చిన విడి పద్యంగా, వాడుకలో ఉన్న సీసం ఇది; నాలుగు పొడుగు పాదాల సీసానికి చివర నాలుగు పొట్టి పాదాల తేటగీతి కలుస్తుంది. కృష్ణానది ఒడ్డున బొడ్డుపల్లెలో భూమిని గుత్తకు తీసుకుని సేద్యం చేయించి, వరదకు పంట పోగా, కట్టవలసిన ఏడు వందల టంకాలు కట్టలేక శిక్షకు గురైన కవి నోట ఈ పద్యం వినిపిస్తుంది.

కవిరాజు కంఠంబు గౌగిలించెను గదా
పురవీధి నెదురెండ బొగడదండ
సార్వభౌముని భుజాస్తంభ మెక్కెను గదా
నగరివాకిట నుండు నల్లగుండు
ఆంధ్రనైషధకర్త యంఘ్రియుగ్మంబున
దగిలియుండెను గదా నిగళయుగము
వీరభద్రారెడ్డి విద్వాంసు ముంజేత
వియ్యమందెను గదా వెదురుగొడియ
కృష్ణవేణమ్మ కొనిపోయె నింత ఫలము
బిలబిలాక్షులు తినిపోయె దిలలు బెసలు
బొడ్డుపల్లెను గొడ్డేరి మోసపోతి
నెట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు

సీసపు నాలుగు పాదాల్లోనూ కర్త శ్రీనాథుడు కాడు. శిక్షగా మెడకు వేసిన పొగడదండ, భుజానికెత్తిన నల్ల బండరాయి, కాళ్ల సంకెళ్లు, ముంజేతి వెదురు బందం కర్తలు. వాటికి పెట్టిన క్రియలు చూడండి: కౌగిలించుకుంది, ఎక్కింది, తగిలింది, వియ్యమందింది. కౌగిలింతా వియ్యమూ శుభకార్యాల మాటలు. పొగడదండ అన్నప్పుడు పువ్వుల దండ కూడా చెవిన పడుతుంది. కనకాభిషేకం పొందినట్లు ప్రసిద్ధుడైన కవి మెడలో ఒకప్పుడు పడ్డ దండలు గుర్తుకు రాకుండా ఉండవు. కవిరాజు, సార్వభౌముడు, ఆంధ్రనైషధకర్త, వీరభద్రారెడ్డి విద్వాంసుడు అని తన బిరుదులన్నీ వరసగా తానే చెప్పుకుంటూ ఒక్కొక్క బిరుదుకూ ఒక్కొక్క శిక్షను జతచేశాడు. దుఃఖమనే మాట లేదు, అయ్యో అనే అవ్యయం లేదు. "గదా" అనే రెండక్షరాల మాట మాత్రం నాలుగుసార్లు వస్తుంది. నిజమేనా అని తనను తానే అడిగి, నిజమేనని తానే ఒప్పుకునే గొంతు అది.

తర్వాత తేటగీతిలోకి దిగగానే వాక్యాలు పొట్టివవుతాయి. నది పంటను కొనిపోయింది, పక్షులు నువ్వులూ పెసలూ తినిపోయాయి. ఇక్కడిదాకా తప్పెవరిదీ కాదు. మూడో పాదంలో హఠాత్తుగా "మోసపోతి" అని ఉత్తమపురుష వస్తుంది. ఎవరో మోసం చేశారని ఆయన అనలేదు, నేను మోసపోయానన్నాడు. పద్యం మొత్తం మీద పశ్చాత్తాపం ఉన్నది ఆ ఒక్క క్రియలోనే. నాలుగో పాదం భవిష్యత్తులో, ప్రశ్నగా నిలబడుతుంది: ఎట్లు చెల్లింతు? భరతుడు చెప్పిన ఉపాయచింత ఇదే. చివరకు మిగిలినది ఒక అంకె. ఏడు వందల టంకాలు అనకుండా అప్పులపాలయ్యానని ఉంటే ఈ పద్యం ఇన్నాళ్లు నోళ్లలో నిలిచేది కాదని నా గట్టి నమ్మకం.

ఇంకో చాటువు, అల్లసాని పెద్దన పేరుతో వినిపించేది, దాదాపు ఇదే సాధనాన్ని వేరుగా వాడుకుంటుంది. కృష్ణదేవరాయలు 1529లో మరణించాడు. ఆ తర్వాత కూడా బతికి ఉన్న కవి మాటలివి. ఎదురైతే మదపుటేనుగును నిలిపి కేలూత ఇచ్చి ఎక్కించుకున్నాడు, మనుచరిత్రం అందుకున్న వేళ పల్లకిని తన చేత్తో పట్టి ఎత్తాడు, గండపెండేరాన్ని తానే పాదానికి తొడిగాడు, కోకటం మొదలైన అగ్రహారాలను అడిగిన సీమలలో ఇచ్చాడు అని భూతకాలపు క్రియలు వరసగా నడుస్తాయి. ఎక్కించుకొనియె, ఎత్తె, తొడిగె, ఇచ్చె. తేటగీతి చివర మాత్రం "బ్రతికియున్నాడ" అని వర్తమానం. ఒక్క వర్తమానక్రియకు ఎదురుగా అన్ని భూతక్రియలు నిలబెట్టడమే ఆ పద్యం చేసిన పని. పాఠం చెప్పిన మొదటి పదేళ్లు నేను గమనించనిది ఇంకొకటి ఉంది: రాజు చేసినవన్నీ చేత్తో చేసిన పనులు. ఊతగా అందించిన చేయి, పల్లకి పట్టిన చేయి, అందె తొడిగిన చేయి. రాజు ఔదార్యాన్ని కాక చేతిని తలుచుకున్నాడు కాబట్టి అది ప్రశస్తి కాకుండా ఎడబాటు అయింది.

సీసం ఈ భావానికి ఎందుకు అంతగా ఒదుగుతుందో ఈ రెండూ చదివితే తెలుస్తుంది. పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలతో సాగే నాలుగు పొడుగు పాదాలలో జ్ఞాపకాలను తీరిగ్గా పరచుకోవచ్చు, తేటగీతిలో లెక్క తేల్చవలసి వస్తుంది. వచనకవిత రాసేవారికి ఆ ఛందస్సు లేకపోయినా ఆ నిష్పత్తి పనికొస్తుంది.

ఆయువు కొద్దితనానికి వస్తే పరిస్థితి మారుతుంది. ఆశాభంగానికి ఒక కారణం ఉంటుంది, పశ్చాత్తాపానికి ఒక కర్త ఉంటాడు, చావుకు మాత్రం ఎవరినీ అనడానికి లేదు. కాబట్టి కవులు ఇక్కడ ఎక్కువగా ప్రశ్నను ఆశ్రయిస్తారు. పోతన భాగవతంలో వామనుడికి దానమివ్వవద్దని శుక్రాచార్యుడు వారించినప్పుడు బలి చెప్పిన "కారే రాజులు? రాజ్యముల్ గలుగవే? గర్వోన్నతిం బొందరే? వారేరీ?" అందరికీ నోటికి వచ్చినదే. మొదటి మూడు ప్రశ్నలకూ అయ్యారు, కలిగాయి, పొందారు అని జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ప్రశ్నలో వ్యతిరేకం ఉండడం వల్ల జవాబు అనుకూలంగానే వస్తుంది. నాలుగోది రెండో పాదం మొదట్లో, ప్రాసస్థానంలో, అంటే పాదపు రెండో అక్షరంలో, రేఫతో (రకారంతో) పడుతుంది, దానికి జవాబు లేదు. చెవి మూడుసార్లు అలవాటుపడ్డ జవాబును నాలుగోసారి వెతుక్కుని దొరక్క ఆగుతుంది. నాకు తెలిసి తెలుగులో కాలం గురించి చెప్పిన మాటల్లో "వారేరీ" అంత పొట్టిది, అంత లోతైనది మరొకటి లేదు.

ఇక్కడ ఒక ఫిర్యాదు చేయక తప్పదు. సంతాపసభల్లో ఈ పద్యాన్ని సగం చదివి వదిలేస్తారు. బలి వైరాగ్యం చెప్పడం లేదు. పద్యం రెండో సగంలో శిబి మొదలైనవారు కీర్తి కోసం ఇవ్వలేదా, వారిని ఈనాటికీ మరచిపోయారా అంటాడు. ఆయువు కొంచెమే కాబట్టి ఇచ్చి తీరతానన్నది ఆయన వాదన. "గతకాలము మేలు వచ్చుకాలము కంటెన్" అనే నన్నయ పాదానికీ ఇదే గతి పట్టింది. పాతరోజులే బాగుండేవని గొణిగేవారి సామెతగా అది మారిపోయింది. భారతం ఆదిపర్వంలో పాండురాజు మరణానంతరం, కురువంశానికి రాబోయే నాశనం తెలిసిన వ్యాసుడు తల్లి సత్యవతితో అన్నమాట అది; దాన్ని విని ఆమె కోడళ్లతో సహా తపోవనానికి వెళ్లిపోయింది. నిజానికి అది రాబోయే కాలం మీది భయం. ఎవరు ఎవరితో అన్నారో తీసేస్తే పద్యం సూక్తిగా మిగులుతుంది, సూక్తికి మనిషి గొంతు ఉండదు.

భర్తృహరి వైరాగ్యశతకంలో కర్తను తలకిందులు చేసే పద్ధతి చూస్తాం. "భోగా న భుక్తా వయమేవ భుక్తాః, కాలో న యాతో వయమేవ యాతాః": భోగాలను మేము అనుభవించలేదు, మమ్మల్నే అవి అనుభవించాయి, కాలం పోలేదు, పోయినది మేమే. మీ "కాలం కరిగిపోయింది"ని దీని పక్కన పెట్టి చూసుకోండి. కరిగేది మనమైతే, తప్పు కాలం మీద తోసి తప్పుకునే వీలు ఉండదు.

ధూర్జటి మరో దారి తొక్కాడు. కాళహస్తీశ్వర శతకంలో పళ్లు ఊడనప్పుడే, వెంట్రుకలు తెల్లబడనప్పుడే, ముసలితనం కమ్మనప్పుడే నీ పాదాలను తలచుకోవాలంటూ ఒక పద్యమంతా "అప్పుడే, అప్పుడే" అని కొట్టుకుంటూ పోతుంది. దంతంబుల్ పడనప్పుడే. ముందుగా అని సాఫీగా చెప్పే వీలున్నా వ్యతిరేక విశేషణాన్ని వాడడం వల్ల, ఇంకా జరగని ప్రతి నష్టమూ పద్యంలో అప్పుడే జరిగిపోతున్నట్లు కనిపిస్తుంది. ఇంకో పద్యంలో సంసారం మిథ్య అని తెలిసి కూడా మనిషి శివుడి మీద "చింతాకంతయు జింత నిల్పడు" అన్నాడు. చింతాకు ఎంత ఉంటుందో తెలియనివాడు లేడు. చింత అనే శబ్దమే చింతాకంత అయిపోవడం శబ్దచమత్కారమే గాని, నవ్వు వచ్చిన వెంటనే గుచ్చుకునే చమత్కారం. పైగా శతకంలో ప్రతి పద్యమూ "శ్రీకాళహస్తీశ్వరా" అనే అదే సంబోధనతో ముగుస్తుంది. వినే దేవుడు ఒక్కసారీ బదులివ్వడు. ఆ మౌనం ముందు వంద పద్యాలు చెప్పడమే పశ్చాత్తాపానికి ఒక రూపం అనుకుంటాను.

ఆధునికుల గురించి త్వరగా చెప్పి ముగిస్తాను. వారిని మీరు చదివే ఉంటారు. కృష్ణశాస్త్రి "నాకుగాదులు లేవు నాకుషస్సులు లేవు" అన్నప్పుడు బరువంతా "లేవు" మీద పడింది. ఆ గొంతును అనుకరించినవాళ్లు చీకటినీ హేమంతాన్నీ తీసుకుని ఆ "లేవు"ను వదిలేశారు. జాషువా శ్మశానవాటికలో ఎన్నో ఏళ్లు గడిచినా కన్నుమూసినవాడు "ఒకడైనన్" లేచి రాలేదంటాడు. లేచి రారన్న సంగతి అందరికీ తెలిసిందే, ఒక్కడైనా అని ఎదురుచూడడం మాత్రం కవి చూపించినది. శ్రీశ్రీ 1937లో మరణించిన కొంపెల్ల జనార్దనరావు కోసం రాసి, 1950లో వచ్చిన మహాప్రస్థానాన్ని అంకితం చేస్తూ అందులో చేర్చిన కవిత "తలవంచుకు వెళ్లిపోయావా నేస్తం" అని మొదలవుతుంది. గుమ్మం దగ్గర నిలబడి స్నేహితుణ్ణి అడిగినట్లున్న మామూలు ప్రశ్న. చనిపోయావా అనలేదు. తలవంచుకోవడంలో లోకం ఆ యువకుడికి చేసినదంతా ఉంది.

ఇక మీ కవిత. మన భాష ఈ భావాలకు కొన్ని పనిముట్లను ఉచితంగా ఇస్తుంది, వాటిని గుర్తించి వాడాలి. "పోవు" అనే సహాయక్రియ ఒకటి: అయిపోయింది, రాలిపోయింది, మరచిపోయాను. పోవడమే నష్టం కాబట్టి ఏ క్రియకు తగిలించినా కొంత దిగులు అప్పనంగా వస్తుంది. అందుకే అది ప్రమాదం కూడా. మీ పదహారు పాదాల్లో అది తొమ్మిది చోట్ల ఉంది. ఒక్కచోట ఉంచండి, అదీ నిలిచి ఉండే క్రియకు తగిలించి చూడండి: "చెప్పవలసిన మాట ఉండిపోయింది" అన్నప్పుడు ఉండడమూ పోవడమూ ఒకే మాటలో ఢీకొంటాయి. రెండోది "వెళ్లవలసింది", "అడిగి ఉంటే బాగుండేది" అనే రూపాలు. జరగవలసి జరగని పనిని ఒక్క క్రియలో చెప్పడానికి ఇంతకన్నా సూటి దారి లేదు, అయినా మీరు వీటిని ఒక్కసారీ వాడలేదు. "పశ్చాత్తాపంతో దహించుకుపోతున్నాను" అని పేరు పెట్టేశారు.

మీ తొమ్మిదో పాదంలో "నీతో మాట్లాడలేకపోయినందుకు గుండె పగిలిపోతోంది" అని ఉంది. గుండె సంగతి పక్కన పెట్టి, ఆ రోజు నిజంగా ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. మీ లేఖలోనే చెప్పారు: ఆయన ఫోన్ చేస్తే, పనిలో ఉన్నాను, మళ్లీ చేస్తానన్నారు. అయితే పాదం అదే:

"మళ్లీ చేస్తాను" అన్నాను నాన్నా

"చేస్తాను" అన్నది భవిష్యత్తు, "అన్నాను" భూతం. ఆ భవిష్యత్తు ఆ భూతంలోనే ఇరుక్కుని ఇక ఎన్నటికీ ముందుకు రాదు. దీనికి వ్యాఖ్య జోడించవద్దు. కర్త మీరే, వినేది ఆయన, ప్రశ్న కూడా అక్కరలేదు.

గొడుగు పాదాన్ని పదకొండో చోటు నుంచి తీసి మొదటికి తెండి. "నువ్వు కొన్న గొడుగు ఇంకా తలుపు వెనకే ఉంది" అన్నదానిలో "ఇంకా" అనే మాట కవితకంతటికీ సరిపోతుంది, "వెనకే"లోని ఏకారం దానికి తోడుగా ఉంది. ఆ రెంటినీ మార్చకండి. గొడుగు రంగు చెప్పాలనిపిస్తే చెప్పండి, కాని అది ఎవరికోసం ఎదురుచూస్తోందో చెప్పకండి. ఇప్పుడున్న పన్నెండో పాదం ఆ పనే చేసి దాన్ని చెడగొడుతోంది. బుడగను కొట్టివేయండి. మిగిలినవి ఆరేడు పాదాలే అయితే కంగారుపడవద్దు, వాటిని పైకి చదివి, ఏ క్రియ దగ్గర మీ గొంతు ఆగుతోందో అక్కడ పాదం విరవండి.